మామయ్య కడ్డీలు

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఆదివారం

ఎర్రకోట్ల సేనాధిపతి, నా ఒక్కగానొక్క ఆడపడుచుకి,

నీ వదిన కులాసా. దాని సైన్యం అంతకన్నా కులాసా. నీ ఫిరంగులు మా వంతెనని పొడిపొడి చేస్తాయని పోయిన ఉత్తరంలో కోతలు కోశావు కదా, నీ తరఫున పాచిక వేశాను. ఒకటి పడింది! రెండు కూడా కాదు, ఒకటి. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. నీ మీద జాలితో కాదులే, సంతోషంతో. నీ గుండు పోయి యేట్లో పడింది. మా నీలికోట్లవాళ్లు ఒడ్డున నిలబడి నవ్వుకున్నారు.

మీ అన్నయ్య సర్వే క్యాంపు నుంచి వచ్చి రెండు రోజులుండి మళ్లీ వెళ్లాడు. ఉన్న రెండు రోజులూ నా బల్ల చుట్టూ తిరిగి వెక్కిరించడమే పని. "నెపోలియన్ పోయి నూట యాభై ఏళ్లు దాటింది. ఆయన సైన్యాన్ని ఇక్కడ మా ఆవిడా, అక్కడ మా చెల్లెలూ సీసపు బొమ్మలు పోసి ఇంకా మేపుతున్నారు" అని ఆఫీసులో చెప్పుకుని నవ్వుతాడట. నవ్వనీ. మామయ్య ఆట కొడుక్కి అబ్బలేదు, కూతురికీ కోడలికీ అబ్బింది. అందుకే ఆ ఉడుకుమోతుతనం.

మామయ్య పెట్టిన నియమం గురించి చెప్తే మా స్కూల్లో ఎవరూ నమ్మలేదు తెలుసా? ఉత్తరాల్లో ఆడేటప్పుడు నా పాచిక నువ్వు వెయ్యాలి, నీ పాచిక నేను వెయ్యాలి, పడింది పడినట్టు రాయాలి అన్నాను. "మరి అవతలివాళ్లు అబద్ధం రాస్తే?" అని లెక్కల మాస్టారు అడిగాడు. "మా ఆడపడుచు రాయదండీ" అన్నాను. 

ఇక అసలు సంగతి. నాలుగో నెల నిండింది. పోయినసారి ఐదో నెలలోనే కదా అంతా అయిపోయింది. ఈసారి రోజులు లెక్కపెట్టడం లేదని మీ అన్నయ్యకి చెప్పాను. లెక్కపెట్టకుండా ఎలా ఉంటానే? మెలకువ వచ్చిన మరుక్షణం చెయ్యి పొట్ట మీదికే పోతుంది. డాక్టరమ్మ బరువులెత్తొద్దంది, మెట్లెక్కొద్దంది. స్కూలుకి సెలవు పెట్టేశాను. పిల్లలకి డ్రాయింగు నేర్పే చేతులు ఊరికే ఉంటే బుర్రలోకి పాడు ఆలోచనలు వస్తున్నాయి. అందుకని పన్నెండు గుర్రాలు పొయ్యాలనుకుంటున్నాను. అచ్చులున్నాయి, లోహం లేదు. మామయ్య పాత ప్రెస్సు సీసపు అక్షరాలు కరిగించి పోసిపెట్టిన కడ్డీలు ఇంకా అటక మీద ఉన్నాయా? ఆయన చేత్తో పోసినవైతేనే పంపు. బజారు సరుకు వద్దు. ఈ ఇంట్లోకి ఇప్పుడు ఏది పడితే అది తెచ్చుకోవాలంటే భయంగా ఉంది.

నా ఎత్తు: రెండు పటాలాలు వంతెన దాటుతున్నాయి. నా పాచిక వేసి నిజం రాయి.

నీ వదిన


కొట్టు మీది గది,
శుక్రవారం

వదిన చక్రవర్తిగారి దివ్యసముఖానికి,

నీ పాచిక నాలుగు. ఒక పటాలం దాటింది, రెండోది వంతెన మీదే ఇరుక్కుపోయింది. ఎందుకు ఇరుక్కుపోయిందంటే గుట్ట మీద నా ఫిరంగులు ఉన్నాయి గనక. నవ్విన నాపచేనే పండుతుందట, చూస్తూ ఉండు. ఈ వారం నా బల్ల మీద నీ బొమ్మలు ఆరు పడుకున్నాయి. నీ బల్ల మీద కూడా ఆరింటినే పడుకోబెట్టు, కక్కుర్తిపడి ఐదు చెయ్యకు.

ఇక్కడ నాన్న కొట్టులో పని ఊపిరి సలపనివ్వడం లేదు. లారీ బ్యాటరీలు గుమ్మం దాకా పేరుకుపోయాయి. ప్రతిదీ విప్పడం, చచ్చిన ప్లేట్లు పీకడం, కొత్తవి దించడం, యాసిడ్ పొయ్యడం. నాన్న పోయాక ఈ మూడేళ్లలో నేను చీర అంచుకి యాసిడ్ చిల్లు లేకుండా కట్టిన రోజు లేదు. నువ్వు పెళ్లి పెళ్లి అంటావు, ఈ చిల్లుల చీరని చూసి ఎవడొస్తాడు చెప్పు.

మన కొట్టు మేస్త్రీకి ఒంట్లో బాగుండడం లేదు. కుడిచెయ్యి ఎత్తితే మణికట్టు దగ్గర వేలాడిపోతోంది. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు. వాతం అంటాడు. డాక్టరు దగ్గరికి పద అంటే, "నలభై ఏళ్ల నుంచి ఈ సీసం మధ్యే ఉన్నానమ్మా, నన్నేం చేస్తుంది" అని కొట్టిపారేస్తాడు.

నువ్వడిగిన కడ్డీలు అటక మీద దొరికాయి. గోనెసంచిలో చుట్టి ఉన్నాయి, పద్నాలుగు. నాన్న చేత్తో పోసినవే. నిన్ననే పార్సిల్ కట్టాను. నీ చేతిలో గుర్రాలై నా మీదికే వస్తాయని తెలిసీ పంపుతున్నానంటే నాది ఎంత పెద్ద మనసో గమనించు.

జాగ్రత్త వదినా. మెట్లు ఎక్కకు. అన్నయ్య లేనప్పుడు బరువులు జరపకు.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
గురువారం

పెద్ద మనసున్న మరదలా,

కడ్డీలు అందాయి. పార్సిల్ విప్పి ఒక కడ్డీ చెంపకి ఆనించుకున్నాను. ఏడ్చాను కూడా, నవ్వకు. ఈ మధ్య దేనికి పడితే దానికి ఏడుపొస్తోంది.

వారం నుంచి ఒకటే వాన. కిటికీలు తెరిస్తే జల్లు కొడుతోందని మూసేసి వంటింట్లోనే పోస్తున్నాను. పాత మూకుడులో కరిగించి, గరిటెతో అచ్చులో పొయ్యడం, చల్లారాక ఆకురాయితో అంచులు రాయడం. ఆ రజను ఎంత తుడిచినా బల్ల సందుల్లోంచి వస్తూనే ఉంది. ఒక్క మాట, ఈసారి కడ్డీలు ఎందుకో వేరేగా ఉన్నాయి. కరిగితే పైన తెట్టు ఎక్కువ కడుతోంది. పుల్లటి వాసన. పొయ్యి చుట్టూ పచ్చటి బూడిద రాలుతోంది. మామయ్య కడ్డీలు ఎప్పుడూ ఇలా లేవు. ఇన్నేళ్లు గోనెసంచిలో మగ్గి పాడయ్యాయేమో.

ఐదు గుర్రాలు తయారు. రంగులు కూడా వేశాను. కుంచె నాలిక మీద తిప్పితేగానీ గుర్రం కంట్లో చుక్క పెట్టేంత సన్నగా మొన రాదని మామయ్య అనేవాడు చూడు, అది నిజం. ఇవాళంతా అదే పని.

నాలుగు రోజులుగా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతోంది. తిండి సయించడం లేదు. ఏం తిన్నా నోట్లో ఇనప చెంచా పెట్టుకున్నట్టుంది. డాక్టరమ్మ చూసి "మామూలే, గర్భంతో ఉన్నవాళ్లకి ఇలాంటివి ఉంటాయి" అంది. ఆవిడ మామూలే అన్నప్పుడల్లా నాకు ఇంకా భయం. పోయినసారి కూడా మామూలే అన్నారు కదే. మీ అన్నయ్యకి రాయలేదు. అక్కడ గొలుసు పట్టుకుని కొండలు కొలుస్తున్నవాణ్ణి హడలగొట్టి ఏం లాభం?

నీ పాచిక ఆరు. నా వంతెన మీది పటాలం సగం పోయింది. నువ్వు గెలుస్తున్నావు. నా గుర్రాలు రానీ, అప్పుడు చూద్దాం.

నీ వదిన


కొట్టు మీది గది,
సోమవారం

(పోస్టు చెయ్యలేదు)

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పచ్చటి బూడిద, పుల్లటి వాసన. అవేమిటో నాకు తెలుసు. ఈ కొట్టులో వెనకవైపు పొయ్యి దగ్గర రోజూ చూస్తాను.

అటక మీద కడ్డీలు లేవు. సంచి ఖాళీగా ఉంది. మామయ్య చేత్తో పోసినవైతేనే పంపమన్నావు. లేవు అని రాయడానికి కలం పట్టుకున్నాను. రాస్తే నాన్న రెండోసారి పోయినట్టు అనిపించింది. కొట్టులో చచ్చిన బ్యాటరీ ప్లేట్లు కుప్పగా ఉన్నాయి. వాటిని కరిగించాను. నాన్న కడ్డీల అచ్చులోనే పోశాను. చల్లారాక చూస్తే అచ్చం ఆయనవే అనిపించాయి. నాకే అనిపించాయి వదినా, నీకు అనిపించకుండా ఎలా ఉంటాయి? సీసం సీసమే కదా అనుకున్నాను.

ఇవాళ మేస్త్రీని బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చెయ్యి చూడలేదు, నోరు తెరవమన్నాడు. చిగుళ్ల అంచున నీలం కలిసిన నల్లటి గీత ఉంది. అది చూడగానే డాక్టరు మొహం మారిపోయింది. "ఒళ్లంతా సీసమే" అన్నాడు. పొగలో పోతుందట, పొడిలో పోతుందట, చేతుల నుంచి నోట్లోకి పోతుందట. బ్యాటరీ ప్లేట్ల పొడి అన్నిటికన్నా చెడ్డదట. నేను గుమ్మం దగ్గరే ఆగి, గర్భంతో ఉన్నవాళ్లకి ఏమవుతుంది అని అడిగాను. ఎవరికోసం అన్నాడు. ఊరికే అన్నాను. ఆయన నావైపు చూసి, "ముందు కడుపులో ఉన్నదానికి తగులుతుంది" అన్నాడు.

ఈ ఉత్తరం పోస్టు డబ్బా దాకా తీసుకెళ్లాను. డబ్బాలో సగం పెట్టి వెనక్కి తీసుకున్నాను. ఇది చదివి నువ్వు హడలిపోతే ఆ హడలుకే ఏమైనా అయితే? మేస్త్రీ నలభై ఏళ్లు చేశాడు, నువ్వు పది రోజులు చేశావు. ఏమీ కాకపోవచ్చు కదా? చెప్పి చంపుతానా, చెప్పక చంపుతానా? మింగలేక కక్కలేక చస్తున్నాను. ఒక్కటి మాత్రం చెయ్యాలి, నువ్వు ఇంక పొయ్యకుండా చూడాలి.


కొట్టు మీది గది,
సోమవారం

వదినా,

నీ కడుపు నొప్పి గురించి చదివి దిగులుగా ఉంది. పాలు బాగా తాగు. ఆ కిటికీలు తీసి ఉంచు. కొన్నాళ్లు ఆ పొయ్యి జోలికి పోకు, వేడి మంచిది కాదు.

ఒక మాట. నేను ఆలోచించాను. నీ గుర్రాలు వస్తే నేను ఎలాగూ తట్టుకోలేను. గుట్ట మీద ఫిరంగులున్నా గుండ్లు అయిపోతాయి. అందుకని నేను లొంగిపోతున్నాను. ఇవాళే నా బల్ల మీద తెల్లజెండా పెట్టేశాను. నువ్వు గెలిచావు. ఇంక గుర్రాలూ వద్దు, ఏమీ వద్దు. అచ్చులు పెట్టెలో పెట్టేసి హాయిగా పడుకో. పెయింట్లు కూడా మూసెయ్. ఆట అయిపోయింది.

అన్నయ్యని సెలవు పెట్టి రమ్మను.

నీ ఆడపడుచు


మంచం మీద నుంచి,
ఆదివారం

లొంగిపోయిన సేనాధిపతికి,

ఏమయింది నీకు? గెలిచే ఆట ఎవరైనా వదులుకుంటారటే? గుట్ట నీది, ఫిరంగులు నీవి, నా వంతెన పోయింది. గుండ్లు అయిపోతాయట! ఈ ఆటలో గుండ్లు అయిపోవని నీకు తెలీదా, నాకు తెలీదా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. ఒకటి, నీకు ఒంట్లో బాగాలేదు, నాకు చెప్పడం లేదు. రెండు, ఎవడో దొరికాడు, సిగ్గుపడి చెప్పడం లేదు. మూడు, కడుపుతో ఉంది కదా పాపం గెలవనిద్దాం అనుకున్నావు. మూడోదే అయితే మాత్రం నిన్ను చీపురు తిరగేసి కొడతాను. మామయ్య ఎప్పుడైనా మనల్ని గెలవనిచ్చాడా?

నీ లొంగుబాటు ఒప్పుకోను. లేకపోతే కొత్త యుద్ధం మొదలుపెడదాం, మొదటి నుంచీ, సరిసమానంగా. అందుకే మిగిలిన కడ్డీలన్నీ మొన్న ఒక్కరోజులో కరిగించేశాను. ఏడు గుర్రాలు, ఇరవైనాలుగు మంది కాల్బలం. పొయ్యి దగ్గరే నాలుగు గంటలు కూర్చున్నాను. లేచేసరికి కళ్లు తిరిగాయి, గోడ పట్టుకుని మంచం చేరాను. అప్పటినుంచి ఇక్కడే. బొమ్మల పళ్లెం ఒళ్లో పెట్టుకుని రంగులు వేస్తున్నాను. ఇంకేం చెయ్యను? గోడలు చూస్తూ పడుకుంటే పిచ్చెక్కుతుంది.

ఇంకో వింత. అద్దంలో చూసుకుంటే చిగుళ్ల అంచున నీలంగా సన్నటి గీత. నీలికోట్ల రంగు నోట్లోకి దిగినట్టుంది, ఎంత తోమినా పోవడం లేదు. మీ అన్నయ్య వస్తే, నువ్వే ఫ్రెంచివాళ్లలో చేరిపోయావంటాడు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, నాకు భయంగా ఉందే. నిన్నటి నుంచి కడుపులో కదలిక తగ్గింది. తగ్గిందా, నేను గమనించడం లేదా? చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంటాను. ఒకసారి కదిలితే ఏడుస్తాను, కదలకపోతే ఇంకోవైపు తిరిగి పడుకుని చూస్తాను. నువ్వు కూడా ఏదో దాస్తున్నావని అనిపిస్తే నేనింక ఎవరితో చెప్పుకోవాలి? ఏమయిందో రాయి. మంచో చెడో, పాచిక రాసినట్టు రాయి.

నీ వదిన


తంతి

సీసం ముట్టుకోకు. బొమ్మలు, కుంచెలు, మూకుడు బయట పెట్టు. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లు. రక్తంలో సీసం చూడమను. అన్నయ్యకీ తంతి ఇచ్చాను. ఉత్తరం వస్తోంది.


కొట్టు మీది గది,
బుధవారం

వదినా,

దీనితోపాటు ఇంకో ఉత్తరం పెడుతున్నాను. పదహారు రోజుల కిందట రాసి పోస్టు చెయ్యనిది. ముందు అది చదువు.

చదివావా? అవి నాన్న కడ్డీలు కావు. బ్యాటరీ ప్లేట్లు. నేను అబద్ధం రాశాను. తెలిసిన రోజైనా చెప్పకుండా లొంగిపోయానని నాటకమాడాను. ఆట ఆగితే నువ్వు పొయ్యడం ఆపేస్తావనుకున్నాను. నీ సంగతి తెలిసీ అలా ఎలా అనుకున్నానో! నేను ఊరికే లొంగిపోతే నీకు పౌరుషం వస్తుందని చిన్నపిల్లకి కూడా తెలుసు. నా తెలివితక్కువ లొంగుబాటు వల్లే నువ్వు మిగతావన్నీ ఒక్కరోజులో కరిగించావు. నీ చిగుళ్ల మీద గీత మేస్త్రీ నోట్లో నేను చూసిన గీతే. అది చదవగానే తంతి ఇవ్వడానికి పరిగెత్తాను. పదహారు రోజులు, వదినా. నేను నోరు విప్పి ఉంటే పదహారు రోజులు నీ నోట్లోకి ఆ కుంచె వెళ్లేది కాదు.

డాక్టరుకి అన్నీ చెప్పు. ఎన్ని కడ్డీలు, ఎన్ని రోజులు, కిటికీలు మూసి ఉన్నాయని, కుంచె నాలిక మీద తిప్పావని, ఆ బల్ల మీదే తిన్నావని. సిగ్గుపడి ఏదీ వదలకు. ఆ మూకుడులో మళ్లీ వండావేమో గుర్తు తెచ్చుకో. పాలు, కాల్షియం మాత్రలు ఇస్తారని ఇక్కడి డాక్టరు అన్నాడు. సీసానికి దూరంగా ఉండడమే ముందు చెయ్యాల్సిన పనట. ఆ ఇంట్లో ఉండకు. వంటిల్లు వేరేవాళ్ల చేత తడిగుడ్డతో తుడిపించు, చీపురు వాడితే పొడి లేస్తుంది.

నేనే రావాలి. స్టేషన్ దాకా వెళ్లాను కూడా. నీ ముందు నిలబడితే నన్ను చూసిన కోపానికి నీకే ఏమైనా అవుతుందేమోనని తిరిగి వచ్చేశాను. పిరికిదాన్ని. ఆటలో తప్ప బయట ఎప్పుడూ ధైర్యం లేనిదాన్ని.

నన్ను తిట్టు. తిట్టడానికైనా ఒక్క ముక్క రాయి.

నీ ఆడపడుచు


ఆసుపత్రి వరండా,
శనివారం

చెల్లీ,

తంతి అందగానే వచ్చాను. మీ వదిన రక్తంలో సీసం ఉంది, ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. ఆసుపత్రిలోనే ఉంచారు. బిడ్డ గుండె వినిపిస్తోంది. రోజుకి రెండుసార్లు వింటున్నారు. ఆ గొట్టం పొట్ట మీద పెట్టి వాళ్లు వెతుకుతున్నంతసేపు నేను గదిలో ఉండలేక బయటికి వచ్చేస్తున్నాను.

నీ ఉత్తరం ఆమె చదివింది. అటు తిరిగి పడుకుంది.

నువ్వు ఇక్కడికి రావద్దు. ఆమెకి రాయొద్దు. నేను చెప్పేదాకా రాయొద్దు. నాకు కోపంగా ఉందని కాదు, కోపం కన్నా పెద్దదేదో ఉంది, దానికి నా దగ్గర మాట లేదు.

అన్నయ్య


కొట్టు మీది గది,
మంగళవారం

అన్నయ్యా,

ఆమెకి రాయనులే. నీకు రాయొద్దనలేదు కదా, అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. పోస్టుమాన్ వీధి మొదట్లో కనబడితే పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడుతున్నాను. మా గుమ్మం దాటి వెళ్లిపోతే, ఇవాళ్టికి చెడ్డ కబురు లేదని ఊపిరి పీల్చుకుంటాను. అంతలోనే మంచి కబురూ లేదని గుర్తొస్తుంది.

వెనక పొయ్యి పడగొట్టించేశాను. ప్లేట్లు ఇక్కడ ఎవరూ కరిగించరు. మేస్త్రీకి చెయ్యి కొద్దిగా లేస్తోంది. నా రక్తంలో కూడా సీసం ఉందట. డాక్టరు చెప్తే నాకేమీ అనిపించలేదు. నాకుండటం న్యాయమే అనుకున్నాను.

గుండె వినిపిస్తోందో లేదో, అదొక్కటీ ఒక కార్డు ముక్క మీద రాసి పడెయ్. ఉంది, లేదు, ఏదో ఒకటి. నీ కాళ్లు పట్టుకుంటాను.

చెల్లి


ఆసుపత్రి, మూడో గది,
సోమవారం

నా ఆడపడుచుకి,

పాప పుట్టింది. పదకొండు రోజులైంది. ఆరు వారాలు ముందే వచ్చేసింది. నా రెండు అరచేతుల్లో పడుతుంది. పుట్టగానే ఏడవలేదు. గోడ గడియారం చప్పుడు విన్నాను, అంత నిశ్శబ్దం. అప్పుడు ఏడ్చింది. పిల్లికూన గొంతు.

ఇన్నాళ్లు ఎందుకు రాయలేదంటే, నీకు ఏం రాయాలో తెలియక. మొదట్లో పడుకుని నీకు బోలెడు ఉత్తరాలు రాసుకున్నాను మనసులో. అవి పంపి ఉంటే ఈ జన్మలో మనం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. పాచికల్లో ఏడేళ్లుగా నాకు ఒక్క చుక్క అబద్ధం చెప్పలేదు నువ్వు. నేను గెలిచే చోట కూడా చెప్పలేదు. అలాంటిదానివి, చెప్పక చెప్పక ఇక్కడే చెప్పాలా? ఆ మొదటి అబద్ధం నాకు అర్థమైంది, ఖాళీ సంచి పట్టుకుని నేనైనా అదే చేసేదాన్నేమో. ఆ పదహారు రోజులు మాత్రం నాకు అర్థం కావు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదహారే. వాటిని క్షమించానని రాయలేను. రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

ఇంకో సంగతి కూడా నీకు చెప్పాలి. మామయ్య కడ్డీల గురించి డాక్టరుని అడిగాను. ప్రెస్సు అక్షరాలూ సీసమేనమ్మా, అవి కొంచెం నిదానంగా చేస్తాయి, అంతే అన్నాడు. ఏడేళ్లు వంటింట్లో పోశాను. ఏడేళ్లు కుంచె నోట్లో పెట్టుకున్నాను. పోయినసారి ఐదో నెలలో పోయినదాని గురించి ఆయన్ని అడగబోయి ఆగిపోయాను. ఆ జవాబు నాకు వద్దు. నీతో తప్ప ఎవరితోనూ అనలేదు ఈ మాట, మీ అన్నయ్యతో కూడా.

పాప రక్తంలోనూ సీసం ఉంది. నా నుంచే చేరింది. ఎంత దెబ్బ తగిలిందో ఇప్పుడు చెప్పలేరట. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, కళ్లు వెలుతురు వైపు తిరుగుతున్నాయి. మాటలు వచ్చే వయసుకి మాటలు రావాలి, అక్షరాలు దిద్దే వయసుకి అక్షరాలు పట్టుబడాలి, అప్పటిదాకా ఎదురుచూడమన్నారు. అంటే ఎన్నేళ్లు అన్నాను. ఐదారేళ్లు అన్నాడు డాక్టరు, రేపో ఎల్లుండో అన్నంత తేలిగ్గా. చప్పుడుకి ఉలిక్కిపడితే సంతోషం, పడకపోతే భయం. మీ అన్నయ్య గంటకోసారి దాని చెవి దగ్గర చిటిక వేసి చూస్తున్నాడు. వద్దని చెప్పాను. నేను నీళ్లగదికి వెళ్లిన టైములో వేస్తున్నాడు, నాకు వినిపిస్తుంది.

ఈ భయం మా ఇద్దరితో అయ్యేది కాదే. ఐదారేళ్లు! మీ అన్నయ్య క్యాంపులకి పోతే నేనొక్కదాన్నే దీన్ని చూస్తూ కూర్చుంటే పిచ్చిదాన్నవుతాను. దాని ప్రతి కదలికనీ నాలాగే హడలుతూ చూసే మనిషి నువ్వు తప్ప ఇంకెవరున్నారు? నీ మీద కోపం పోలేదు. అయినా నువ్వు కావాలి. ఈ రెండూ ఒక్క కడుపులో ఎలా ఇముడుతున్నాయో నాకూ తెలీదు. మీ అన్నయ్యకి చెప్పాను, రాస్తున్నానని. కవరు మీద చిరునామా తనే రాశాడు.

ఎల్లుండి ఇంటికి పంపిస్తారు. కొత్త ఇంటికి, పాతది ఖాళీ చేశాం. రా. కొట్టులో కట్టుకునే బట్టలు ఒక్కటి కూడా తేకు. అక్కడే తలంటుకుని, గోళ్లు తీసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయలుదేరు. చెప్పులు గుమ్మం బయటే వదులు. ఇక్కడికొచ్చాక చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కో, నేను పక్కన నిలబడి చూస్తాను. అప్పుడు ఎత్తుకుందువుగాని.

నీ వదిన